మనకు కాకి లేదు

మా ఉరవకొండలో 'మాఫీ' అనే మాట తెలియని మనిషి లేడు. ఇది అరబ్బీలో పుట్టి ఫారసీ, ఉర్దూల మీదుగా మన నోళ్లలోకి వచ్చిందని చెబితే ఆశ్చర్యపోయేవాళ్లుంటారు గానీ, ఆ మాట వాడని రైతు మాత్రం లేడు. 2008లో కేంద్ర ప్రభుత్వం రైతుల అప్పులు మాఫీ చేసినప్పుడు, 2014లో రాష్ట్ర ప్రభుత్వం రుణమాఫీ అన్నప్పుడు బ్యాంకుల ముందు వరసలో నిలబడ్డవాళ్లలో బోయలున్నారు, కురబలున్నారు, రెడ్లున్నారు, సాయిబులున్నారు. అందరి నోటా ఒకటే మాట. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూఇటూ వాన పడే నేల మాది. శెనక్కాయ విత్తి ఆకాశం వైపు చూసే బతుకు. అప్పు చేయకుండా బతకలేం. తీర్చి చావలేం. కాబట్టి మాఫీ మా జిల్లాకు రాజకీయ పదం.

అదే మాట మా ఇళ్లలో ఇంకో రకంగా వినిపిస్తుంది. హజ్‌కు బయల్దేరేవాళ్లు ఇంటింటికీ వచ్చి "కహా సునా మాఫ్ కరో" అంటారు. అన్నదీ విన్నదీ మనసులో పెట్టుకోవద్దని అర్థం. షబే బరాత్ రాత్రి కూడా అదే మాట. మంచం పట్టినవాళ్లు చుట్టూ కూర్చున్నవాళ్లతో అనే చివరి మాటల్లోనూ అదే. దేవుడి పట్ల చేసిన తప్పుల్ని దేవుడు క్షమిస్తాడు, మనిషి పట్ల చేసిన తప్పును ఆ మనిషే క్షమించాలి అని మాకు మదరసాలో చిన్నప్పుడే నేర్పారు. మొదటిదాన్ని హుఖూఖుల్లాహ్ అంటారు, రెండోదాన్ని హుఖూఖుల్ ఇబాద్ అంటారు. ఎన్ని నమాజులు చదివినా, ఎన్ని రోజాలున్నా పొరుగువాడి బాకీ పొరుగువాడి దగ్గరే తేలాలి. మౌల్వీసాబ్ ఇది చెప్పినప్పుడు మేం తలలూపాం. తలూపడానికీ పాటించడానికీ మధ్య ఎంత దూరముందో తెలియడానికి మాకు నలభై ఏళ్లు దాటాలి, ఒక తెలుగు సినిమా చూడాలి.

ఆ సినిమా పేరు 'బలగం'. 2023 మార్చి 3న విడుదలైంది. వేణు ఎల్దండి దర్శకత్వం వహించాడు. అంతకుముందు తెరమీద హాస్యపాత్రలు వేస్తూ వచ్చిన మనిషి తన మొదటి సినిమాగా చావింటి కథ ఎంచుకున్నాడు. నిర్మించింది పేరున్న సంస్థే అయినా సినిమా మాత్రం చిన్నది. పెద్ద హీరో లేడు, ఫైటింగుల్లేవు, విదేశాల్లో పాటల్లేవు. ఒక తెలంగాణ పల్లె, ఒక ఇల్లు, ఒక శవం, పదకొండు రోజులు. అంతే.

మేం దాన్ని ఆ ఏడాది రంజాన్ నెలలో, తరావీ నమాజు అయ్యాక ఇంట్లో టీవీ మీద చూశాం. రోజాల నెలలో సినిమా ఏంటని అమ్మీ కాసేపు సణిగింది. తర్వాత వంటింటి గడప దగ్గర కూర్చుంది. ఇంకాసేపటికి మా పక్కకొచ్చి కూర్చుంది.

కథ చాలామందికి తెలిసిందే. కొమురయ్య ఊరందరితో చతుర్లాడే ముసలాయన. ఉన్నట్టుండి చనిపోతాడు. మనవడు సాయిలుకు అప్పులున్నాయి. పెళ్లి కుదుర్చుకుని కట్నంతో వాటిని తీర్చుకుందామనుకుంటున్న సమయంలో తాత పోయాడు. కాబట్టి అతనికి దుఃఖం కన్నా చిరాకు ముందొచ్చింది. ఇరవై ఏళ్లుగా పుట్టింటి గడప తొక్కని కూతురు లచ్చుమమ్మ తండ్రి శవం మీద పడి ఏడవడానికి వచ్చింది. ఆమె భర్త నారాయణకూ పుట్టింటివాళ్లకూ మధ్య మాటల్లేవు. ఎప్పుడో ఒక విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన తగాదా అది. సూరత్‌లో ఉండే చిన్న కొడుకూ వచ్చాడు. మూడోరోజు పిట్టకు పెడితే పిట్ట ముట్టలేదు. తర్వాతా ముట్టలేదు. ముసలాయన మనసులో ఏదో ఉండిపోయిందని ఊరు అనుకోవడం మొదలుపెట్టింది. పదకొండో రోజుకైనా ముట్టకపోతే ఊరికే అరిష్టమన్నారు. చివరికి బుడగజంగాల కళాకారులు ఆ ఇంటి కథను పాటగా పాడుతుంటే కుటుంబం మొత్తం కుప్పకూలి ఏడుస్తుంది. మగవాళ్ల పంతాలు కరుగుతాయి. కాకి వాలుతుంది.

దీన్ని మూఢనమ్మకం మీద కట్టిన కథ అని కొట్టిపారేసే హేతువాద మిత్రులున్నారు. మాకు వాళ్లంటే గౌరవమే. కానీ ఈ విషయంలో వాళ్లు సినిమాను సరిగా చూడలేదనుకుంటున్నాం. ఇందులో కాకి మహిమలేమీ చేయదు. ముద్ద ముట్టకుండా పోతుంది, అంతే. మిగతా పనంతా మనుషులే చేస్తారు. పిట్ట ముట్టలేదు కాబట్టి ఎవరికి వాళ్లు తమ తప్పు వెతుక్కుంటారు, ముందుగా ఎదుటివాడి తప్పు వెతుకుతారు, తిట్టుకుంటారు, కొట్టుకోబోతారు. ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు ఆచారం పుణ్యమా అని పదకొండు రోజులు ఒకే వాకిట్లో కూర్చోవాల్సి వచ్చింది. వెళ్లిపోవడానికి వీల్లేదు. ఇంకో రోజుకు వాయిదా వేయడానికీ వీల్లేదు. దర్శకుడి తెలివి ఇక్కడుంది. మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు అని తిథులు దగ్గర పడుతున్నకొద్దీ కథ బిగుస్తూ పోతుంది. దానికోసం విలన్‌ను తీసుకురావలసిన అవసరం రాలేదు.

ఇంకో సంగతి. క్షమాపణ ఘట్టంలో సంభాషణలతో పని నడపలేదు. తప్పయింది అని ఒకడు, పోనీలే అని ఇంకొకడు అనుకునే సీన్లు మన సినిమాల్లో ఎన్ని చూడలేదు? ఇక్కడ ఆ పని ఆ ఇంటికి చెందని ఇద్దరు చేస్తారు. ఊరూరా తిరిగి పాడి పొట్ట పోసుకునే సంచార కులంవాళ్లు. ఆ పాట పాడిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు నిజ జీవితంలోనూ ఆ వృత్తివాళ్లే. సినిమా వచ్చాక వాళ్ల పేర్లు రాష్ట్రమంతా తెలిశాయి. అప్పటికే మొగిలయ్య ఆరోగ్యం దెబ్బతింది. 2024 డిసెంబరులో ఆయన చనిపోయారు. అంతకాలం ఊళ్ల చావులన్నిటికీ పాడిన గొంతును లోకం గుర్తించడానికి ఆయన జీవితంలో చివరి రెండేళ్లే మిగిలాయి. మన కళాకారుల పట్ల మన సమాజం చేసిన తప్పుల లెక్కలో ఇదొకటి. ఇదే సినిమాలో 'ఊరు పల్లెటూరు' పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 2023 సంవత్సరానికి గాను జాతీయ ఉత్తమ గీత రచయిత పురస్కారం దక్కింది. తెలంగాణ పల్లె మాటకు దక్కిన గౌరవమది.

ఈ సినిమాను తెలంగాణ ఊళ్లలో చావడి ముందు తెర కట్టి ఉచితంగా ప్రదర్శించారు. ఊరంతా కూర్చుని చూసింది, ఏడ్చింది. చూశాక ఏళ్ల తరబడి మాటల్లేని అన్నదమ్ములు కలిశారని పత్రికల్లో వార్తలొచ్చాయి. విలేకరులం కాబట్టి ఇలాంటి వార్తల్ని మేం కొంచెం అనుమానంగానే చూస్తాం. తెర ముందు ఏడ్చినవాళ్లు తెల్లారి గట్టు తగాదాకు పోలీస్‌స్టేషన్‌కెళ్లడమూ మేం చూసిందే. అయినా ఒక సినిమా చూసి మనుషులు తమ ఇంటివైపు తిరిగి చూసుకున్నారంటే అది చిన్న విషయం కాదు.

సినిమా అయిపోయాక అమ్మీ కొంగుతో కళ్లు తుడుచుకుని ఒక మాటంది. "ఉన్కు కౌవ్వా బోల్యా. హమ్నా కౌన్ బోల్తా?"

వాళ్లకు కాకి చెప్పింది. మనకెవరు చెప్తారు?

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

మా చావులకూ తిథులున్నాయి. మూడోరోజు జియారత్, పదో రోజు దస్వాఁ, ఇరవయ్యో రోజు బీస్వాఁ, నలభయ్యో రోజు చాలీస్వాఁ. ఇవి దీన్‌లో లేవు, ఇక్కడి ఆచారాల్ని చూసి మనవాళ్లు నేర్చుకున్నవేనని ఇప్పుడు కొన్ని జమాతులవాళ్లు వాదిస్తున్నారు. వద్దంటున్నారు. ఆ తగాదా మేమిక్కడ తేల్చబోవడం లేదు. మేం చెప్పేది వేరు. మాలో శవాన్ని ఎక్కువసేపు ఉంచరు. పొద్దున పోతే అసర్ లోపు మట్టి చేస్తారు. దూరాన ఉన్నవాళ్లు వచ్చేసరికే గోరీ మీద నీళ్లు చల్లి ఉంటారు. పదకొండు రోజులు ఒకే వాకిట్లో కూర్చుని మొహాలు చూసుకునే నిర్బంధం మాకు లేదు. ముద్ద ముట్టననే పక్షీ లేదు. చనిపోయినవాడి మనసు చల్లబడిందో లేదో చెప్పే సాక్షి ఎవరూ లేరు. మా దీన్ ప్రకారం ఆ సాక్షి అవసరమూ లేదు. ఎందుకంటే తేల్చుకోవాల్సింది బతికుండగానే. పోయినవాళ్లు వచ్చి మాఫ్ చేయలేరు. హష్ర్ మైదానంలోనే ఇక లెక్క.

ఒక్క ఏర్పాటు మాత్రం ఉంది. నమాజె జనాజాకు ముందు ఇంటి పెద్దో కొడుకో నిలబడి అడుగుతాడు. మర్‌హూమ్ ఎవరికైనా బాకీ ఉంటే మాకు చెప్పండి, మేం తీరుస్తాం, లేదంటే మాఫ్ చేయండి అని. అప్పుతో పోయినవాడి జనాజా చదివించడానికి రసూల్ వెనకాడారని, ఒక సహాబీ ఆ అప్పు తన మీద వేసుకున్నాకే ముందుకొచ్చారని హదీసులున్నాయి. అప్పుల జిల్లా అయిన మా అనంతపురానికి ఇంతకన్నా దగ్గరి హదీసు ఇంకోటి లేదు.

2019లో మా అబ్బా పోయినప్పుడు ఆ మాట మేమే అడిగాం. శ్మశానం దగ్గర మూడు వరసల మనుషులున్నారు. ఒక కిరాణా కొట్టాయన తనకు రావలసిన చిన్న మొత్తం మాఫ్ చేశానని చెయ్యెత్తాడు. ఇంకెవరూ ఏమీ అనలేదు. మేం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాం. అబ్బా ఎవరికీ బాకీ లేకుండా పోయాడని వచ్చినవాళ్లంతా అన్నారు.

బాకీ ఉన్న మనిషి ఆ వరసల్లో లేదు. ఉండడానికి వీల్లేదు. ఆమె ఇంట్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఆమె మా ఫుప్పూ.

మా దాదాకు ఐదెకరాల మెట్ట. దాదీ ఆయనకన్నా ముందే పోయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. షరియత్ ప్రకారం కొడుక్కు రెండు భాగాలు, కూతురికి ఒకటి. అంటే ఐదెకరాల్లో ఒక ఎకరం ఫుప్పూది. ఇందులో పెద్ద లెక్కేమీ లేదు, చిన్నపిల్లలు కూడా చెప్పగలరు. ఫుప్పూను బళ్లారి ఇచ్చాం. బళ్లారి మాకు పరాయి రాష్ట్రంలా ఎప్పుడూ అనిపించలేదు. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగమే కదా. 1998లో దాదా పోయాడు. చాలీస్వాఁ నాడు ఫాతిహా అయ్యాక, బంధువులంతా భోజనాలు చేశాక, బడే అబ్బా ఒక కాగితం తెచ్చాడు. హిస్సా మాఫ్ చేస్తున్నట్టు రాసి ఉంది. బోరు కోసం తెచ్చిన అప్పుంది, చేను ముక్కలైతే ఎవరికీ దక్కదు, నీకు పుట్టింటి తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది అన్నారు. ఫుప్పూ సంతకం చేసింది. సాయంత్రం బస్సుకు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇరవై ఒక్క ఏళ్లు రాలేదు. ఈద్‌కు రాలేదు, పెళ్లిళ్లకు రాలేదు. అబ్బా పోయిన రోజు వచ్చింది. ముఖం చూసింది. ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టకుండా తిరిగి బళ్లారి వెళ్లిపోయింది.

మా ఇంట్లో ఏ కాకీ వాలలేదని ఎవరన్నారు? ఫుప్పూ ఆ రోజు అన్నం ముట్టలేదు. మేం గమనించలేదు, అంతే.

ఇప్పుడు 'బలగం' మీద మాకున్న ఫిర్యాదు చెప్పొచ్చు. లచ్చుమమ్మకు జరిగిన అన్యాయం ఏమిటి? తగాదా పడింది మగవాళ్లు. బావకూ బావమరిదికీ మధ్య పంతం. ఇరవై ఏళ్ల శిక్ష అనుభవించింది మాత్రం ఆమె. తండ్రి బతికుండగా చూడలేకపోయింది. సినిమా ఆమె కన్నీళ్లను చాలా బాగా చూపించింది. ఆ పాత్రలో రూపాలక్ష్మి మన మేనత్తలందర్నీ గుర్తుచేసింది. కానీ చివర్లో పాట సాగుతుంటే కలిసిపోయేది ప్రధానంగా మగవాళ్లే. లచ్చుమమ్మకు పోయిన ఇరవై ఏళ్ల లెక్క ఎవరూ చెప్పరు. ఆమె ఎవర్ని క్షమించాలో, అసలు క్షమించాలనుకుంటుందో లేదో ఎవరూ అడగరు. ఆడబిడ్డ ఏడుస్తుంది, కాబట్టి క్షమించినట్టే అని మనం అనుకుంటాం. తెలుగు సినిమా అనుకుంటుంది, తెలుగు ఇల్లూ అనుకుంటుంది, ఉర్దూ ఇల్లూ అలాగే అనుకుంటుంది.

నల్లి బొక్క గురించి మాట్లాడినంతగా ఆడపిల్ల వాటా గురించి సినిమా మాట్లాడదు. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌లో, 2005లో పార్లమెంటు దేశమంతటా హిందూ ఆడపిల్లలకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చాయి. మాకు 1937 షరియత్ చట్టముంది. అందులో వ్యవసాయ భూమిని మినహాయించినా, మా జిల్లా ఉన్న అప్పటి మద్రాసు రాష్ట్రంలో 1949లో ఆ మినహాయింపును తీసేశారు. చట్టాలున్నాయి. కానీ రెండు చోట్లా చట్టానికీ ఆడపిల్లకూ మధ్య 'పుట్టింటి తలుపు' నిలబడి ఉంది. వాటా అడిగితే తలుపు మూస్తారు. వాటా వదిలేస్తే తలుపు తెరిచే ఉంటుందంటారు. ఎన్ని ఇళ్లలో నల్లి బొక్క వెనక ఎకరం భూమి దాక్కుని ఉందో ఎవరికి తెలుసు? వేణు ఎల్దండి ఆ బొక్కను ఇంకొంచెం కొరికి చూసి ఉంటే బావుండేది.

ఈ మాట హిందూ సోదరుల సినిమా గురించి అంటున్నాం కాబట్టి మా గురించి ఇంకొంచెం కఠినంగా అనాలి. మా ఇళ్లలో ఒక ఆచారముంది. భర్త చనిపోతే, జనాజా లేవకముందు భార్యను పక్కన కూర్చోబెట్టి, మెహర్ మాఫ్ చేశానని చెప్పమంటారు. నికాహ్ నాడు ఆమెకు రాసిచ్చిన మెహర్ ఆయన బతికినంత కాలం ఇవ్వలేదు. ఇప్పుడు శవం ముందు, ఏడుపుల మధ్య, పదిమంది ఆడవాళ్లు భుజం పట్టుకుని ఊపుతుంటే ఆమె 'మాఫ్ కర్దీ' అనాలి. అననంటే ఆమె ఎలాంటి మనిషని లోకం అనుకుంటుంది? మేం ఎన్నో ఇళ్లలో చూశాం. ఒక్కసారీ రాయలేదు. మా బస్తీ మురికిని బయటివాళ్ల ముందు ఉతకడమెందుకని మమ్మల్ని మేం సమాధానపరుచుకున్నాం. అడిగి తీసుకునేది మాఫీ. మెడ పట్టుకుని తీసుకునేదాన్ని ఏమంటారో పోలీస్‌స్టేషన్ రాతకోతల్లో ఉంది. ముస్లిం సమాజానికి బయటినుంచి జరిగే అన్యాయాల మీద మేం ఎంత గట్టిగా రాస్తామో, లోపల మా ఆడవాళ్లకు మేం చేసేదాని మీద కూడా అంత గట్టిగా రాయకపోతే మా రాతకు విలువ లేదు. ఆ మాటకొస్తే షరియత్‌ను అక్షరాలా అమలు చేయాలని ఉపన్యాసాలిచ్చే పెద్దలు కూడా కూతురి వాటా దగ్గరికొచ్చేసరికి ఊరి ఆచారం మాట్లాడతారు.

ఇక ఇంకో ప్రశ్న. 'బలగం'లో ఊరంతా ఉంది. ఆ ఊరి వాకిట్లో మేం ఎక్కడున్నాం? గుర్తుండిపోయే ముస్లిం పాత్ర ఒక్కటీ మాకు కనిపించలేదు. దయచేసి మాకో పాత్ర ఇవ్వండని అడగడం లేదు. అడిగితే ఏమిస్తారో మాకు తెలుసు. అరే భాయ్ అంటూ నవ్వించేవాడో, హీరో కోసం ప్రాణమిచ్చే స్నేహితుడో, లేకపోతే బాంబు పెట్టేవాడో. ఒక కుటుంబం కథలో అందరూ ఉండాలన్న రూలేమీ లేదు. కానీ మా సీమలో చావింటికి సాయిబు రాకుండా చావు జరగదు. కోసేవాడు, కుట్టేవాడు, డప్పరిగాడి పక్కన నిలబడేవాడు, అప్పిచ్చినవాడు, అప్పు తీసుకున్నవాడు ఎవరో ఒకరు ఉంటారు. నార్పల మండలం గూగూడులో మొహర్రం నాడు కుళ్లాయిస్వామి ముందు నిప్పుల గుండం తొక్కేవాళ్లలో ఎక్కువమంది హిందువులు. కుళ్లాయప్ప అనే పేరు పెట్టుకున్న బోయలు, కురబలు మా జిల్లాలో ఏ ఊరికెళ్లినా దొరుకుతారు. పెనుకొండ బాబయ్య దర్గాలో మొక్కు చెల్లించేటప్పుడు కులం ఎవరూ అడగరు. బలగమంటే రక్తసంబంధం మాత్రమే కాదని మా నేల ఎప్పుడో చెప్పింది. సినిమాలో చివరికి ఆ ఇంటిని కలిపింది కూడా రక్తసంబంధం లేని బుడగజంగాలే కదా. ఆ సంగతి తెలిసిన దర్శకుడు వాకిట్లో ఇంకో నాలుగు చాపలు వేయలేడా?

ఇంటికి తిరిగి రావడమనే మాట దగ్గర మాకు ఇంకో సినిమా గుర్తొస్తుంది. శ్యామ్ బెనెగల్ తీసిన 'మమ్మో'. 1994 నాటిది. మన హైదరాబాద్ మట్టిలో పుట్టిన బెనెగల్ 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఖాలిద్ మొహమ్మద్ తన సొంత కుటుంబంలోని ఒక పెద్దావిడ జ్ఞాపకంతో రాసిన కథ అది. దేశ విభజన నాడు భర్తతో లాహోర్ వెళ్లిన మమ్మో, ఆయన పోయాక అత్తింటివాళ్లు ఆస్తి కోసం వెళ్లగొడితే బొంబాయిలో ఉన్న అక్క ఇంటికి తిరిగొస్తుంది. ఫరీదా జలాల్ మమ్మో, సురేఖా సిక్రీ అక్క. అక్కాచెల్లెళ్లు అలుగుతారు, కలుస్తారు. ఇంట్లో ఉన్న కుర్రాడు మాట తూలుతాడు, మళ్లీ వెతుక్కుంటూ వెళ్తాడు. ఇంటివాళ్లు మమ్మోను క్షమించడం, మమ్మో వాళ్లను క్షమించడం కష్టమేమీ కాలేదు. కానీ ఆమె వీసా అయిపోయింది. పోలీసులు వచ్చి రైలెక్కించారు. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ వచ్చిన మమ్మోను ఇంట్లో ఉంచుకోవాలంటే ఆమె చనిపోయినట్టు కాగితం పుట్టించడం తప్ప ఇంటివాళ్లకు ఇంకో దారి దొరకలేదు. పుట్టిన దేశంలో బతకాలంటే ముందు కాగితం మీద చావాలి.

రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూడండి. లచ్చుమమ్మకు ఇల్లు మూసింది బావమరుదుల పంతం. మమ్మోకు మూసింది సర్కారు. లచ్చుమమ్మ తిరిగొస్తే ఊరు ఎదురొస్తుంది. మమ్మో తిరిగొస్తే కాగితం అడుగుతారు. ఇళ్లు వదిలి ఎక్కడికీ వెళ్లని మాలాంటివాళ్లను కూడా మీ ఇల్లు అక్కడ కదా అనే నోళ్లు ఈ దేశంలో తగ్గలేదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' రాసింది 1991లో. అప్పుడు మేం కుర్రాళ్లం. పుట్టుకతోనే ఒంటిమీద ఒక నేరం వేసి పంపుతారని ఆ కావ్యం చదివాక మాకు అర్థమైంది. ఎక్కడో ఎవడో చేసినదానికి ఉరవకొండ పాతపేటలో సైకిల్ షాపు నడుపుకునేవాడు సంజాయిషీ ఇవ్వాలి. ఖండించావా అని అడుగుతారు. ఖండించానంటే గట్టిగా ఖండించలేదంటారు. చేయని తప్పుకు మాఫీ అడిగించుకోవడం మాకు అలవాటైంది. అదే సమయంలో 1992 డిసెంబరు 6 గురించి మమ్మల్ని ఎవరైనా మాఫీ అడిగారా అని ఆలోచించడం కూడా మానేశాం.

ఇక్కడే జాగ్రత్తగా ఉండాలనిపిస్తుంది. మనకు జరిగిన అన్యాయం మనం చేసిన అన్యాయానికి చాటు కాకూడదు. ఫుప్పూ విషయంలో మేం చేసింది అదే. మేం మైనారిటీలం, బీదవాళ్లం, కరువువాళ్లం అనే మూడు చాట్లున్నాయి మాకు. ఆ చాట్లలో ఒక ఎకరం దాక్కుంది.

ఖుర్ఆన్‌లో యూసుఫ్ కథ మా ఇళ్లలో అందరికీ తెలుసు. బైబిల్ చదివినవాళ్లకూ తెలుసు. అన్నలు బావిలో పడేసిన తమ్ముడు పెద్దవాడై మిస్ర్‌లో ధాన్యాగారాలకు అధికారి అవుతాడు. కరువొచ్చి అన్నలు గింజల కోసం వస్తారు. కరువు వాళ్లను తమ్ముడి గడపకు తెచ్చింది. మా జిల్లావాళ్లకు ఆ కథలో ఈ ముక్క బాగా అర్థమవుతుంది. యూసుఫ్ వాళ్లను నిందించకుండా మాఫ్ చేస్తాడు. కానీ ఆ పని చేసేటప్పుడు అధికారం అతని చేతిలో ఉంది. కాదనగలిగే స్థితిలో ఉండి కూడా అవునన్నాడు. అందుకే అది క్షమ. చాలీస్వాఁ నాడు కాగితం ముందు కూర్చున్న ఫుప్పూకు కాదనే స్థితి లేదు. ఇంకో సంగతి, యాఖూబ్ బతికుండగానే కొడుకులు కలిశారు. కొమురయ్యకు ఆ అదృష్టం లేదు. మా అబ్బాకూ లేదు. ఆఖరి ఏడాది ఆయన రెండుసార్లు బళ్లారి తీసుకెళ్లమన్నాడు. మొదటిసారి ఎలక్షన్ల డ్యూటీ అన్నాం. రెండోసారి ఏమన్నామో గుర్తు లేదు. ఊళ్లో రైతు ఆత్మహత్యల మీద పేజీలు పేజీలు రాసిన మాకు తండ్రిని బస్సెక్కించడానికి ఒక్క రోజు దొరకలేదు.

ఆ ఏడాది ఈద్ అయిన వారానికి మేం బళ్లారి వెళ్లాం. అమ్మీ కూడా వస్తానంది. ఫుప్పూ తలుపు తీసి, మమ్మల్ని చూసి, లోపలికి రమ్మంది. అమ్మీ ఆమె రెండు చేతులూ పట్టుకుని మాఫ్ కరో అంది. ఫుప్పూ ఏడవలేదు. "మాఫ్ తో కబ్‌కా కర్దీ. పూఛ్నేకు ఇత్తే బరసాఁ లగే క్యా?" అంది. మాఫ్ ఎప్పుడో చేశాను, అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా అని. తర్వాత మా వైపు తిరిగి, మాఫీ వేరు, హిస్సా వేరు, రెండూ కలిపి మాట్లాడొద్దు బేటా అంది.

మేం ఇంత రాసి చెప్పలేని విషయం ఆమె ఒక్క మాటలో చెప్పింది. క్షమించడం ఆమె ఇష్టం. తిరిగివ్వడం మా బాధ్యత. మొదటిది దొరికింది కదా అని రెండోది ఎగ్గొట్టకూడదు. 'బలగం' మొదటిదాని దగ్గర ఆగిపోయింది. అక్కడిదాకా అయినా వచ్చింది కాబట్టే మాకు ఈ మాట దొరికింది. ఆ రుణం సినిమాకు ఉంది.

అన్నదమ్ములు చెరి రెండున్నర ఎకరాలు పంచుకున్నారు కాబట్టి ఫుప్పూ ఎకరంలో సగం మా వైపు, సగం బడే అబ్బా పిల్లల వైపు ఉంది. మా అర ఎకరం ఫుప్పూ పేరు మీదికి మారింది. ఆమె దాన్ని కౌలుకిచ్చింది, మాకు కాదు. మిగతా అర ఎకరం గురించి బడే అబ్బా పిల్లలు ఒప్పుకోవడం లేదు. కాగితం ఉందిగా అంటున్నారు. మాతో మాటలు తగ్గించారు. ఒక తలుపు తెరవబోతే ఇంకో తలుపు సగం మూసుకుంది.

ఈ సినిమాను మా బస్తీలో కూడా తెర కట్టి చూపించాలని ఉంది. చూపించాక, లైట్లు వేశాక, మగవాళ్లను ముందు లేవనివ్వకుండా, వెనక కూర్చున్న ఆడవాళ్లను అడగాలి. ఇక్కడ ఎవరికైనా ఎవరైనా బాకీ ఉన్నారా అని. జనాజా దాకా ఆగకుండా, వాళ్లకు వినబడేట్టు అడగాలి.